వంతెన దగ్గర తీగె

చేతిరుమాలు మణికట్టుకు ఒంటిచేత్తో ముడి వేసుకోవడం ఎంత తంటానో గెదాల్యా మరిచేపోయాడు, ఒక కొస పళ్ళతో పట్టి లాగాలి, నాన్న ఇలాగే లాగేవాడు, ప్రతి శనివారం సబ్బాతు ఉదయం, అప్పట్లో ఈ పేటకు ఎరూవ్ లేదు మరి, స్తంభం నుంచి స్తంభానికి తీగె కట్టి పేట మొత్తాన్నీ ఒకే ఇంటి ముంగిలిగా ఎంచే ఏర్పాటు ఇంకా రాలేదు, సబ్బాతు నాడు గడప దాటితే జేబులో గుండుసూది కూడా మోయకూడదు, రుమాలు చేతికి కట్టుకుంటే మాత్రం అది బట్ట, మోత కాదు, పాపం నాన్నకు ఏడాది పొడుగునా జలుబే, ఇప్పుడు తీగె ఉంది, ఇరవై రెండేళ్ళుగా ఉంది, ఉందా, అదే కదా అసలు సంగతి, ఉందో లేదో చూడవలసిన మనిషి తనే, ప్రతి శుక్రవారం కారులో చుట్టివచ్చి ఫోనులో సందేశం పెట్టేది తనే, ఎరూవ్ బాగుంది, అందరికీ శాంతి సబ్బాతు, నిన్న మధ్యాహ్నం కూడా పెట్టాడు, పెట్టడం గుర్తుంది, చూడటం గుర్తు లేదు.

బొత్తిగా గుర్తు లేదనీ కాదు, బడి కంచె, పెట్రోలు బంకు వెనక స్తంభం, శ్మశానం గోడ, గురువారం కురిసిన మంచువానకు విరిగిపడ్డ కొమ్మలు, అక్కడిదాకా అద్దంలో చూసినట్టుంది, అక్కడినుంచి రైలు వంతెన, వెళ్ళే ఉంటాడు, వెళ్ళకుండా ఎందుకుంటాడు, వెళ్ళినట్టు జ్ఞాపకం కూడా ఉంది, చల్లగాలి ముఖాన కొట్టడం, తల బయటపెట్టి చూస్తే తను కట్టిన నారింజరంగు గుడ్డపీలిక తీగె మీద ఊగటం, కాని అది నిన్నటిదా, పోయినవారానిదా, రాత్రి ద్రాక్షరసం గిన్నె ఎత్తి ఆశీర్వాదం చదువుతూ ఇక్కడే టక్కున ఆగిపోయాడు, ఏంటలా గుటకలు మింగుతున్నావ్, చేపముల్లు గుచ్చుకుందా, ఇంకా చేప వడ్డించనే లేదుగా అంది ఫ్రూమా, నలభై తొమ్మిదేళ్ళ కాపురంలో ఆవిడ నోటికి అడ్డే లేదు, ఇదిగో గుమ్మం పక్కన పాత పేపరు మీద ఆవిడ బూట్లు, బురద ఎండి పెచ్చులు కట్టింది, ఇంటిపట్టున ఉండే మనిషికి ఇంత బురద ఎక్కడ అంటిందో, సరే, ముందు వంతెన సంగతి తేలాలి.

తలుపు తీసేసరికి పక్కింటి షిఫ్రా మెట్లు దిగుతోంది, గుండెలకు హత్తుకున్న దుప్పట్లో ఎనిమిది రోజుల పిల్లవాడు, ఇవాళ మందిరంలో సున్నతి, గెదాల్యా గారూ, రాత్రంతా గాలికి భయపడి చచ్చాననుకోండి, తీగె తెగితే వీణ్ణి ఇల్లు కదిలించలేం కదా, మా ఆయనేమో పిచ్చిదానా, ఫోనులో గెదాల్యా గారి గొంతు విన్నాక ఇంకేం భయమే అని కసిరారు, అంటూ నవ్వింది, తనూ నవ్వాడు, ఏం నవ్వో ఏమో, ఒక్క మాట చాలు, అమ్మా నాకు గుర్తు లేదు అంటే చాలు, వెనక్కి తిరిగి లోపలికి పోతుంది, సున్నతి ఇంట్లోనే చేస్తారు, మందిరంలో కాచుకున్న బంధువులంతా ఇక్కడికే నడిచి వస్తారు, అంతకన్నా మునిగిపోయేదేం లేదు, అయినా తల ఊపి దారి ఇచ్చాడు, ఆమె మలుపు తిరిగిపోయింది, పిల్లవాడి టోపీ కొస మాత్రం ఒక్క క్షణం కనిపించింది.

తప్పేం చేశాడు, శాస్త్రం తన పక్షానే ఉంది, పోయినవారం బాగున్నది చెడిందని తెలిసేదాకా బాగున్నట్టే, పెద్దలు దానికి హజాకా అని పేరు కూడా పెట్టారు, నిజంగా చెడినా సరే, తెలియక మోసేవాళ్ళను నడిదారిలో ఆపి తెలిసి మోసేవాళ్ళుగా చేయవద్దన్నదీ పెద్దలే, ఇటు తిప్పినా అటు తిప్పినా తను గట్టున పడుతున్నాడు, మరి అంత గట్టున ఉన్నవాడు రుమాలు చేతికెందుకు కట్టుకున్నాడు, పైగా చూడని తీగెకు హజాకా ఉంది గాని చూశానని చెప్పిన నోటికి ఏముంది, నోరంటే గుర్తొచ్చింది, చలికాలం ప్రార్థనలో వాన మాట చేర్చాలి, చేర్చానో లేదో అని అనుమానం వస్తే మొదటి ముప్పై రోజులూ చేర్చలేదనే లెక్క, ఎందుకూ, నాలుక పాత అలవాటు మీద పరిగెడుతుంది కాబట్టి, ముప్పై రోజులు నాలుకను నమ్మని పెద్దలు ఇరవై రెండేళ్ళు ప్రతి శుక్రవారం బాగుంది బాగుంది అన్న నాలుకను నమ్ముతారా, నిన్న ఫోనులో మాట్లాడింది తనా, అలవాటా, కారు అద్దం దించిన చేయి ఎవరిది, ఎడమచేయి, పిడి పట్టుకుని గుండ్రంగా తిప్పింది, మూడు చుట్లు, నాలుగో చుట్టు దగ్గర పట్టేసేది, పిడి, ఈ కారుకు పిడి ఎక్కడిది, దీనికి మీట నొక్కాలి, పిడి ఉన్నది పాత నీలం కారు, దాన్ని ఫ్రూమా అక్క కొడుక్కి అమ్మేసి ఆరేళ్ళయింది.

మెట్టు మీద కూర్చున్నాడు, భయం వేసింది, తీగె గురించి కాదు, ఆరేళ్ళ కిందటి గాలి ఇందాక ముఖానికి అంత చల్లగా ఎలా తగిలిందని, ఫ్రూమా తలుపు లాగి సంచి భుజాన వేసుకుని వచ్చింది, కూర్చున్నావేంటి, ప్రార్థన సగమైపోయుంటుంది, ఆ చేతికి కట్టేంటి, దెబ్బ తగిలిందా, సంచి లోపల పెట్టెయ్ ఫ్రూమా అన్నాడు, ఎందుకట, నిన్న వంతెన దగ్గరికి వెళ్ళానో లేదో నాకు గుర్తు రావటం లేదు, చెప్పేశాడు, ఆవిడ ఎగతాళి చేస్తుందని చూశాడు, చేయలేదు, పక్కన కూర్చుంది, సంచి ఒళ్ళోనే ఉంది, వెళ్ళావు అంది, బానే ఉంది, కిటికీలోంచి సరిగ్గా ఆనకపోతే నేనే దిగి కిందిదాకా వెళ్ళి చూశాను, చీలమండల దాకా బురద, నీ గుడ్డపీలిక రంగు వెలిసిపోయింది గాని తీగె బిగుతుగానే ఉంది, నువ్వా, నేను కాక ఇంకెవరు, నీ పక్క సీట్లో కూర్చున్నానుగా, ఎప్పట్నించీ, పందిళ్ళ పండగ వెళ్ళినప్పట్నించీ, రొట్టె కొనుక్కోవాలి, నన్నూ ఎక్కించుకో అని ప్రతి శుక్రవారం వస్తూనే ఉన్నాను, నాకెందుకు చెప్పలేదే, ఏం చెప్పమంటావు, నీకు ఒక్కటే మిగిలింది ఆ పని, నా నోటితో వద్దనమంటావా.

పందిళ్ళ పండగ నుంచి, అంటే నాలుగు నెలలు, పదహారో పదిహేడో శుక్రవారాలు, పక్కన మనిషి కూర్చుంది, రొట్టె వాసన కూడా వచ్చి ఉంటుంది, అందులో ఒక్కటైనా చిక్కుతుందేమోనని లోపల తడుముకున్నాడు, నీలం కారు దొరికింది, పిడి దొరికింది, ఫ్రూమా దొరకలేదు, ఏడుపు వచ్చింది, ఆవిడ చూడనట్టు వీధి వైపు తిరిగింది, బూట్లు గడపలోపలే ఉన్నాయి, వాటి మీది బురద నిజం, ఇలాంటి వాటిలో ఒక్క సాక్షి చాలునని కదా నియమం, ఆ సాక్షి భార్యయినా సరే, సాయంత్రం మూడు చుక్కలు పొడిచి సబ్బాతు వెళ్ళగానే రబ్బీ దగ్గరికి వెళ్తాను, ఇక నుంచి తీగె నువ్వే చూడాలని చెప్తాను అన్నాడు, నేనూ వస్తాలే, దారి మరిచిపోతావు అంది, అని నాలుక కరుచుకుంది, తను నవ్వాడు, ఈసారి నవ్వే, షిఫ్రా ఈపాటికి మందిరం చేరి ఉంటుంది, పిల్లవాణ్ణి తన మాట మీద మోసుకుపోయింది, నిజానికి ఫ్రూమా మాట మీద, నాలుగు నెలలుగా పేట పేటంతా మోస్తున్నది ఫ్రూమా మాట మీదే, ఇవాళ తనొక్కడు తప్ప, ముడి పళ్ళతో విప్పి రుమాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు, జేబులో అది ఉందో లేదో ఒకసారి తడిమి చూసుకుని, ఆవిడ చేయి పట్టుకుని మెట్లు దిగాడు.