మీటరు తిరిగిన గంటలు

ఫణిశ్రీకి ఆ కాగితం చదవగానే నవ్వొచ్చింది, వెంటనే ఒళ్ళు మండింది.

నరసాపురానికి పది కిలోమీటర్ల అవతల, ఏటిగట్టు కింద ఉన్న జిల్లా పరిషత్ హైస్కూల్లో ఆవిడ లెక్కల టీచరు. రెండేళ్ళ కిందట ఒక పెద్ద ఫౌండేషన్ వాళ్ళు పిల్లలకి కంప్యూటర్ సైన్సు నేర్పమని పది కంప్యూటర్లు గ్రాంటు కింద ఇచ్చారు. లెక్కలొచ్చినావిడకి కంప్యూటరు రాదా ఏంటని ఆ క్లాసు కూడా ఈవిడ నెత్తినే రుద్దారు. ఇప్పుడా గ్రాంటు ఎంత ఫలించిందో కొలుస్తారని ఆ కాగితంలో ఉంది. వందకి అరవై రాకపోతే కంప్యూటర్లు పట్టుకెళ్ళి ఇంకో స్కూలుకి ఇచ్చేస్తారట. ఏం పెట్టి కొలుస్తారయ్యా అంటే, ఒక్కో కంప్యూటరు రోజుకి ఎన్ని గంటలు ఆన్‌లో ఉందన్నది. దానికోసం లోపల ఒక మీటరు కూడా పెట్టారు, ఆటోకి పెట్టినట్టు.

"గంటలు తిరిగితే చదువొచ్చేస్తుందా అండీ? మీసాలున్నవాడల్లా మొనగాడైతే రొయ్యకి లేవా బారెడు?" అంది హెడ్మాస్టరు మార్కండేయులుగారితో.

మార్కండేయులుగారికి రిటైర్మెంటు ఇంకా పద్నాలుగు నెలలు. ఆయన కంప్యూటర్ని ముట్టుకున్నది ఏడాదికి ఒక్కసారే, విజయదశమికి బొట్టు పెట్టడానికి.

"మీకెందుకండీ ఈ ధర్మసందేహాలు? పొద్దున్నే మన అటెండరు అమ్మిరాజు చేత పదీ ఆన్ చేయించి భక్తి పాటలు పెట్టించేద్దాం. సాయంత్రం దాకా వాటిమానాన అవి పాడుకుంటాయి. పుణ్యానికి పుణ్యం, మార్కులకి మార్కులు. పక్క మండలంలో హెడ్మాస్టరు అనంతకృష్ణగారు చేసిందదే కదా! కిందటేడు వాళ్ళ స్కూలుకి తొంభై ఎనిమిది. శాలువా కప్పారండీ ఆయనకి!"

"గొప్ప పని చేశారని కప్పుంటారు. నేను చచ్చినా అలా చెయ్యను. కొలవడానికి వచ్చేవాడికి కళ్ళుంటే పిల్లల్ని చూస్తాడు."

ఆవిడకి మనుషులంటే చులకనని స్టాఫ్‌రూంలో అనుకుంటారు. చులకనే మరి. ఆ మనుషులు అలా ఉంటే ఆవిడ మాత్రం ఏం చేస్తుంది?

ఫణిశ్రీ పాఠం చెప్పే తీరు వేరు. నూట నలభై మంది పిల్లలు, పది కంప్యూటర్లు. అందర్నీ ఒకేసారి వదిలితే తీర్థమే. అందుకని వారమంతా నోటుబుక్కులోనే రాయించేది. ఆ చుట్టుపక్కల ఊళ్ళల్లో రెండిళ్ళకొకరు లేసు అల్లేవాళ్ళుంటారు. మధ్యాహ్నం వంటయ్యాక అరుగు మీద చేరి, సన్నటి సూదితో దారాన్ని గొలుసులు గొలుసులుగా అల్లుకుంటూ పోతారు. ఆరు చైన్లు, ఒక ముడి. మళ్ళీ ఆరు చైన్లు, ఒక ముడి. ఇలా పన్నెండుసార్లు, ఆ తర్వాత పై వరస. ఓ రోజు అది చూసి ఫణిశ్రీ ఎగిరి గంతేసింది. ప్రోగ్రాం అంటే ఇదే కదా! ఏం చెయ్యాలో చెప్పు, ఎన్నిసార్లో చెప్పు, ఎక్కడ ఆగాలో చెప్పు. పుస్తకంలో నాలుగు పేజీలు నమిలినా ఎక్కని పాఠం పిల్లల బుర్రలోకి ఒక్క పూటలో ఎక్కేసింది. పుట్టినప్పట్నుంచీ అమ్మల నోట విన్నదేగా! కాగితం మీద తప్పుల్లేకుండా వచ్చాకే కంప్యూటరు ముందు కూర్చోబెట్టేది, వారానికి అరగంట. ఆ అరగంట కోసం పిల్లలు జ్వరమొచ్చినా బడి మానేవారు కాదు. మీటరు లెక్కలో మాత్రం ఒక్కో కంప్యూటరుకి రోజుకి గంట చిల్లరే.

కొలిచేవాడు రానే వచ్చాడు. పేరు మురళీకృష్ణ. మెడలో కార్డు, చేతిలో ట్యాబు. కారు దిగుతూనే రెండు కొబ్బరిబోండాలు తాగి, వైఫై ఉందా అని అడిగాడు.

ఫణిశ్రీ ఆ రోజు ఒక ఏర్పాటు చేసింది. తొమ్మిదో క్లాసు సాయిదుర్గ గుండ్రటి లేసు గీసే ప్రోగ్రాం రాసింది. దాని తల్లి బేబి ఇరవయ్యేళ్ళుగా లేసు అల్లుతోంది. అల్లే మనిషినే పక్కన నిలబెడితే ఈ మహానుభావుడికి విషయం తలకెక్కుతుందని, ఆవిణ్ణి కూడా లాబ్‌కి రమ్మంది.

సాయిదుర్గ బటన్ నొక్కింది. తెర మీద నడిమధ్యన ఒక చుక్క, దాని చుట్టూ ఒక వరస, ఆ పైన ఇంకో వరస, అలా లేసు గుండ్రంగా పెరుగుతూ పోయింది. గుమ్మం దగ్గర చెంగు నోటికడ్డం పెట్టుకుని చూస్తున్న బేబి ఉండబట్టలేక ముందుకొచ్చేసింది.

"అమ్మాయ్, ఐదో వరసలో ముళ్ళు ఎక్కువైపోయాయే. వరసకి ఆరేసి పెరగాలా? అక్కడ ఎనిమిది పెరిగాయి. అలా అల్లితే చదునుగా పరుచుకోదే, అప్పడంలాగ పైకి లేస్తాది."

సాయిదుర్గ గబగబా ప్రోగ్రాం తెరిచి వెతికింది. నిజమే! ఒక్కచోట ఆరు బదులు ఎనిమిది కొట్టింది. దిద్ది మళ్ళీ నొక్కితే లేసు ముచ్చటగా కుదిరింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఫణిశ్రీ సర్వీసు మొత్తం మీద ఇలాంటి క్లాసు ఇంకోటి జరగలేదు.

"చూశారా అండీ!" అంది మురళీకృష్ణ వైపు తిరిగి.

ఆయన ట్యాబులో ఏదో నొక్కుతున్నాడు. "ఈవిడ ఎవరు మేడమ్?"

"ఈ అమ్మాయి తల్లండీ."

"లాబ్‌లోకి బయటివాళ్ళు రాకూడదు మేడమ్. సెక్యూరిటీ కింద పది మార్కులు పోతాయి."

బేబి మొహం మాడిపోయింది. "నేనెళ్ళిపోతానండి టీచర్‌గారండి, ఏం అనుకోకండి," అంటూ వెనక్కి వెనక్కి నడిచి గుమ్మం దాటేసింది.

"కంప్యూటరు ముట్టుకోనైనా ముట్టుకోనావిడ ప్రోగ్రాంలో తప్పు పట్టుకుంది సార్. అది కనబడలేదా మీకు?"

"వెరీ నైస్ మేడమ్. కానీ ఫారంలో దానికి కాలమ్ లేదు."

కాలమ్ లేదట! చెవిటివాడి ముందు శంఖం ఊదితే, ఏం కొరుకుతున్నావని అడిగాట్ట. ఫణిశ్రీకి ఇక నోరాగలేదు.

"అనంతకృష్ణగారి స్కూల్లో దసరా సెలవుల్లో కూడా రోజుకి పదేసి గంటలు తిరిగిందిగా మీ మీటరు. సెలవుల్లో ఎవరు నేర్చుకున్నారండీ, గోడ మీద బల్లులా?"

"సెలవుల్లో కూడా నడిపారంటే ఎంత కమిట్‌మెంట్ మేడమ్!" అన్నాడాయన. వెటకారం కాదు, మనస్ఫూర్తిగానే అన్నాడు. అలాంటివాణ్ణి ఏం తిడతాం? తిట్టు దండగ.

మూడు వారాలకి మార్కులొచ్చాయి. ముప్ఫై ఒకటి. నాలుగో వారానికి వ్యాను వచ్చింది. పది కంప్యూటర్లూ అనంతకృష్ణగారి స్కూలుకే ఇచ్చారు. ఇకమీదట అక్కడ ఇరవై పాడతాయి.

అమ్మిరాజు ఒక్కొక్కటే మోసుకెళ్ళి ఎక్కిస్తుంటే, మార్కండేయులుగారు అప్పగింత కాగితం తెచ్చి ఫణిశ్రీ ముందు పెట్టారు. "కారణం అన్నచోట 'వినియోగం తక్కువ' అని రాసి సంతకం పెట్టేయండి, మీకు పుణ్యముంటుంది. ఇంకేం గొడవ చెయ్యకండి."

ఫణిశ్రీ పెన్ను తీసుకుని, గుండ్రటి అక్షరాలతో, తీరిగ్గా రాసింది: "ఈ స్కూల్లో పిల్లలకి నిజంగా నేర్పుతున్నందువల్ల."

మార్కండేయులుగారు తల పట్టుకున్నారు. ఫణిశ్రీకి మాత్రం నెల్లాళ్ళ కసి తీరినట్టయింది. చదవనీ, ఒక్కొక్కడూ చదివి సిగ్గుతో చావనీ! డ్రైవరు ఆ కాగితాన్ని చూడనైనా చూడకుండా నాలుగు మడతలు పెట్టి జేబులో కుక్కుకుని బండి తీశాడు.

వెనక్కి తిరిగేసరికి లాబ్ గుమ్మంలో సాయిదుర్గ నిలబడి ఉంది. ఖాళీ బల్లలు చూస్తోంది. చేతిలో నోటుబుక్కు, దాన్నిండా ఆ వారం రాసుకున్న ప్రోగ్రాం.

"టీచర్, అనంతకృష్ణగారి స్కూలోళ్ళు ఊరికే ఆన్ చేసి వదిలేశారంట కదండీ?"

"అవునమ్మా. సిగ్గూ శరం లేని పని."

పిల్ల వేళ్ళ మీద ఏదో లెక్కేసుకుంది. "మనం కూడా రోజంతా ఆన్‌లో వదిలేస్తే, మా అరగంట మాకుండేది కదండీ?"

దెప్పడానికి అడగలేదు. లెక్క తేలక అడిగింది.

అబద్ధం ఆడకూడదమ్మా అని చెబుదామని ఫణిశ్రీ నోరు తెరిచింది. నూట నలభై మంది పిల్లలు, ఒక్కొక్కరికీ వారానికో అరగంట. అవన్నీ ఒకవైపు, తన పంతం ఒకవైపు. అనంతకృష్ణగారినీ, మురళీకృష్ణనీ, ఈ మార్కండేయులుగారినీ ఇన్నాళ్ళూ పురుగుల్లా చూసింది. ఆ చూపు ఇవాళ తన మీదికే తిరిగింది. ఇందాక ఆ కాగితం మీద రాసింది కూడా పిల్లల కోసం కాదు.

"వెళ్ళమ్మా, బెల్లు కొట్టేశారు," అంది.

బెల్లుకి ఇంకా పావుగంట ఉంది.