ఒక రోజు ముందుండే గది

గేనర్ హెలివెల్ ఉదయం ఆరున్నరకు లేచి, కెటిల్ పెట్టి, గొడుగు తీసుకుని వెనక గదిలోకి వెళ్లింది. గదిలో సన్నటి తుంపర పడుతోంది. కిటికీ అవతల పెరట్లో మాత్రం పొడి ఎండ. పక్కింటి పిల్లి గోడ మీద వెల్లకిలా పడుకుని ఉంది. ఆమె నోటు పుస్తకంలో రాసుకుంది: శనివారం, 6.30, తుంపర, పడమటి గాలి.

ఆ గదిలో రేపటి వాతావరణం ఈరోజే వస్తుంది. పన్నెండేళ్ల కిందట ఇల్లు కొనేటప్పుడు ఏజెంటు ఇచ్చిన కాగితంలో 'వంటింటి గోడకు చెమ్మ, వెనక గది ఒక రోజు ముందు' అని ఒకే వాక్యంలో ఉంది. చెమ్మ గురించి ఆమె నాలుగు ప్రశ్నలు అడిగింది. గది గురించి అడగలేదు. నేలకు పలకలు వేయించి, నీళ్లు పోవడానికి తూము పెట్టించుకుంది. రేపు ఎండ అయితే దుప్పట్లు ఈరోజే అక్కడ ఆరేస్తుంది. వీధిలో ఎవరికైనా గోడకు రంగు వేయించే పని ఉంటే ముందు ఆమెకు ఫోన్ చేస్తారు.

తోపు పండగల ఏర్పాట్లు ఆమె నెత్తిన పడింది కూడా ఈ గది వల్లే. తోపు అంటే తొమ్మిది మంది. పాత దేవతలను, పొద్దును, నేలను కొలిచే పేగన్లు. ఏడాదికి ఎనిమిది పండగలు, ఎనిమిదీ ఆరుబయట, ఊరికి పడమరగా కొండ మీది నిలువు రాళ్ల మధ్య. యార్క్‌షైర్ కొండల్లో ఆరుబయట అంటే ఏమిటో అక్కడివాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. అక్కడ మే నెలలో మంచు పడుతుంది, డిసెంబరులో చెమట పడుతుంది. అందుకని ముందురోజు సాయంత్రం ఐదింటికల్లా గేనర్ అందరికీ మెయిల్ పెడుతుంది: రాళ్లా, స్కౌట్ల హాలా. హాలు అంటే రేకుల కప్పు, ప్లాస్టిక్ కుర్చీలు, కొవ్వొత్తి వెలిగిస్తే కూసే అలారం. హాలు ఎవరికీ ఇష్టం లేదు.

గది పన్నెండేళ్లలో ఒక్కసారీ తప్పలేదు. తప్పింది గేనర్, అదీ ఒకే ఒక్కసారి. వసంత పండగ ముందురోజు మూడింటికి చూసి ఎండ అని రాసింది. ఆ రాత్రి దేశమంతా గడియారాలు గంట ముందుకు జరిగాయి. గది జరగలేదు. మర్నాడు మూడింటికి తొమ్మిది మందీ రాళ్ల మధ్య వడగళ్లలో నిలబడ్డారు. నాలుగింటికి, అందరూ తలలు పట్టుకుని కొండ దిగాక, ఆమె చూసిన ఎండ వచ్చింది. విల్ఫ్ ఆ మాట ఇప్పటికీ వదిలిపెట్టడు.

తొమ్మిదింటికి విల్ఫ్ ఫోన్ చేశాడు. రిటైరైన పోస్ట్‌మ్యాన్. పండగ నెగడుకు జూనిపర్ కట్టెలు కొండెక్కించేది ఆయనే.

"ఏమ్మాయ్, గడియారం సరిచూసుకున్నావా?"

"పొద్దున్నే మొదలుపెట్టకు విల్ఫ్."

"కట్టెలు మొయ్యాలా వద్దా అని. నా నడుముకు ముందస్తు నోటీసు కావాలి."

"ఇప్పుడు తుంపర. నాలుగింటికి చూసి చెప్తాను."

"తుంపరదేముంది, గొడుగు పట్టుకుని వెలిగిస్తా. మీ ఇద్దరూ నెగడు దూకాలిగా. మాల్కం మోకాళ్లకు చిన్న నెగడు చాలు, బిస్కెట్ డబ్బా అంత."

గేనర్ నవ్వి ఫోన్ పెట్టేసింది. పెట్టేశాక నవ్వు నిలవలేదు. లేచి వెళ్లి గది చూసింది. తుంపరే. వచ్చి కూర్చుంది. బస్ డిపోకు డ్రైవర్ల డ్యూటీ చార్టులు వేయడం ఆమె ఉద్యోగం, శుక్రవారాలు ఇంటి నుంచే. ఆ రోజు ఒకే డ్రైవరును రెండు బస్సుల్లో కూర్చోబెట్టింది. చెరిపి, మళ్లీ లేచింది.

కిందటేడు తొలికోత పండగ నాడు, ఆగస్టు ఒకటిన, ఆమె చేతినీ మాల్కం చేతినీ కలిపి తాడుతో కట్టారు. తోపులో చేతికట్టు ఒక సంవత్సరం ఒక రోజు నిలుస్తుంది. ఆ రోజుకు ఇద్దరూ వచ్చి, అదే తాడుకు రెండో ముడి వేయించుకుని నెగడు దూకితే అది జీవితాంతం. లేదంటే ఇద్దరూ కలిసి తమ చేతులతో ముడి విప్పుకుంటారు. విప్పే రోజున నిప్పు ఉండదు. ఆ పండగకు ఎవరూ మంట వెయ్యరు, తొలిపిండి రొట్టె చల్లారినదే తింటారు. విల్ఫ్‌కు ఆరేళ్ల కిందట అలాంటి రొట్టె అనుభవం ఉంది. కట్టడమైనా విప్పడమైనా ఆకాశం కిందే జరగాలి. వాన వచ్చి హాల్లోకి పోతే తాడు పెట్టెలోంచి బయటికి రాదు, గడువు దాటిపోతుంది, కట్టు దానంతటదే వీడిందని లెక్క. అప్పుడు ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పుకోనక్కర్లేదు.

పండగను ఈసారి శనివారానికి, రెండో తేదీకి జరిపారు. రేపటితో సంవత్సరం ఒక రోజు.

మాల్కం మంచివాడు, ఈ ఇంట్లోనే ఉంటున్నాడు. ముప్పై ఏళ్లు కోల్డ్ స్టోరేజీలు బాగుచేసి మోకాళ్లు పోగొట్టుకున్నాడు. స్పెయిన్‌లో, అల్మెరియాలో, అతని చెల్లెలి ఇంటి పక్క ఇల్లు ఖాళీ అయింది. అక్కడ ఏడాదికి ఇరవై రోజులు వాన పడితే గొప్ప. మూడు వారాల కిందట అడిగాడు, వస్తావా అని. "పండగ కానీ" అంది ఆమె. ఆ తర్వాత అతను అడగలేదు. అడగకపోవడమే ఆమెను కుదురుగా కూర్చోనివ్వడం లేదు. అల్మెరియాలో రేపటి వాతావరణం ఎవరికీ అక్కర్లేదు. అక్కడ తను పొద్దున లేచి ఏం చేస్తుందో ఆమెకు ఎంత ఆలోచించినా తట్టలేదు.

పదింటికి గదిలో వడగళ్లు పడ్డాయి, పలకల మీద టపటపమని. ఆమెకు హాయిగా అనిపించింది. పన్నెండింటికి పొగమంచు, వాషింగ్ మెషీన్ కనపడనంత. ఇంకా హాయిగా అనిపించింది. ఫోన్లోని మూడు యాప్‌లు మూడు మాటలు చెప్పాయి. ఆమె వానన్నదాన్నే నమ్మింది.

పన్నెండున్నరకు ఊనా ఫోన్. డెబ్బై నాలుగేళ్ల మనిషి, తోపుకు పెద్ద. ఒకప్పుడు బడిలో పిల్లలకు భోజనాలు వడ్డించేది. ఇప్పటికీ ఎదుటివాళ్లు పళ్లెం పట్టుకుని నిలబడ్డట్టే మాట్లాడుతుంది.

"తాడు పెట్టె తీశాను. కట్టడమా, విప్పడమా?"

"వానొచ్చేట్టుంది ఊనా. పొద్దుట్నుంచీ ఒకటే గొడవగా ఉంది."

"నేను వాన సంగతి అడగలేదమ్మా."

గేనర్ ఫోన్ పట్టుకునే వెళ్లి గదిలోకి తొంగి చూసింది.

"సరే. ఐదింటికి మెయిల్ చూస్తాను" అంది ఊనా. "నువ్వు ఏదైనా తిన్నావా?"

"తిన్నాను."

"తినలేదు" అని పెట్టేసింది.

రెండింటికి గదిలో నిఖార్సైన వాన. గేనర్ గొడుగు కింద నిలబడి, ఇంకో రెండు గంటలు ఇలాగే పడితే చాలనుకుంది. వాన కోసం దణ్ణం పెట్టుకోవడం ఆమెకు ఇదే మొదటిసారి. మూడున్నరకు చినుకులు పలచబడ్డాయి. నాలుగుకు పది నిమిషాలుండగా వాన ఆగిపోయింది. సరిగ్గా నాలుగింటికి గది మూల నుంచి ఎండ మొదలై నేలంతా పరుచుకుంది. తడి పలకలు ఆవిర్లు కక్కాయి. ఇంత మంచి ఎండ ఆ గదిలో జూన్ నుంచీ లేదు.

ఆమె గొడుగు మూసింది. జేబులోంచి ఫోన్ తీసి టైపు చేసింది: 'రేపు వాన. హాలు.' పంపే గుర్తు మీదికి వేలు వెళ్లి ఆగింది.

తలుపు దగ్గర మాల్కం నిలబడి ఉన్నాడు, రెండు చేతుల్లో రెండు టీ మగ్గులతో. ఆమెను చూడలేదు. ముక్కు పైకెత్తి గాలి పీలుస్తున్నాడు.

"గాలి పడమరేనా?"

"పడమరే."

"పొగ లేదు."

నిజమే, లేదు. కొండ పడమర. నాలుగింటికి రాళ్ల మధ్య నెగడు అంటిస్తే, పడమటి గాలికి జూనిపర్ పొగ నేరుగా ఈ ఇంటి మీదికే దిగుతుంది. ఒక రోజు ముందు ఈ గదిలోకీ దిగుతుంది. ప్రతి ఎండ పండగకూ ముందురోజు ఇక్కడ ఆరేసిన దుప్పట్లకు ఆ వాసన పట్టేది. గేనర్ పొద్దుట్నుంచీ వాననే చూసింది. పొగను వెతకాలని ఆమెకు తోచలేదు. పొగ లేదంటే రేపు నెగడు లేదు.

ఇద్దరూ కాసేపు నిలబడ్డారు. నాలుగూ ఐదు. నాలుగూ పది. ఎండ, గాలి, తడి ఆరుతున్న పలకల వాసన. ఇంకేమీ లేదు.

"విల్ఫ్ ఆలస్యంగా అంటిస్తాడేమో" అంది ఆమె.

"విల్ఫ్ నలభై ఏళ్లు ఉత్తరాలు పంచాడు. ఆలస్యం చెయ్యడు." మాల్కం ఒక మగ్గు ఆమెకిచ్చాడు. "ఇంత ఎండ పెట్టుకుని మమ్మల్నందర్నీ హాల్లో కూర్చోబెడదామనుకున్నావా?"

"అనుకున్నాను."

"రాసేశావా?"

"రాశాను. పంపలేదు."

అతను టీ తాగాడు. గదిలో మెరుస్తున్న నేల వైపు చూస్తూ అన్నాడు: "మూడు వారాలు నేనెందుకు అడగలేదో తెలుసా? అడిగితే చెప్పేస్తావని భయం."

"మాల్కం, నేను రాలేను. నీతో ఏ గొడవా లేదు. అక్కడ నాకు..."

"అక్కడ నీకు పనుండదు. తెలుసు." మోకాలు మార్చి నిలబడ్డాడు. "నాకేమో ఇక్కడ మెట్లు దిగడమే పని అయిపోయింది."

"ఉండిపొమ్మని నేను నిన్ను అడగలేను."

"అడక్కు. అడిగితే ఉండిపోతాను, ఇద్దరం మూలుగుతూ బతుకుతాం." ఖాళీ మగ్గు వాషింగ్ మెషీన్ మీద పెట్టాడు. "అది కొట్టెయ్. దానంతటదే వీడిపోయిందని చెప్పుకునే వయసా మనది? విప్పుకుందాం. పదిమంది ముందు, మర్యాదగా."

ఆమె ఆ రెండు మాటలూ చెరిపేసింది. నాలుగూ ఇరవైకి అందరికీ మెయిల్ వెళ్లింది: 'రేపు నాలుగింటికి ఎండ. రాళ్ల దగ్గరే. విల్ఫ్, కట్టెలు మొయ్యొద్దు.'

విల్ఫ్ నుంచి గంటదాకా జవాబు లేదు. తర్వాత ఒక్క ముక్క వచ్చింది: 'వెన్న ఎక్కువ తెస్తాను.'

శనివారం పొద్దుటి నుంచీ తుంపర, వడగళ్లు, పొగమంచు, వాన. మూడింటికి తొమ్మిది మందీ రెయిన్‌కోట్లతో కొండెక్కారు. నాలుగుకు పది నిమిషాలుండగా కోట్లు విప్పారు.

ఊనా పెట్టె తెరిచి తాడు చేతికిచ్చింది. అప్పుడుగానీ ఎవరికీ గుర్తు రాలేదు. కిందటేడు, గది వానని ముందే చెప్పినా ఇద్దరూ పట్టుబట్టడంతో, చేతికట్టు కట్టింది జోరువానలో. తడిసి ఉబ్బిన జనపతాడును ముడి బిగించి, చేతులు బయటికి లాగేసుకుని, అలాగే పెట్టెలో పెట్టారు. అది ఏడాది పాటు ఆరి కొయ్యముక్కలా గట్టిపడింది. కత్తి పెట్టకూడదు. మూడోమనిషి చెయ్యి వెయ్యకూడదు.

మాల్కం వేళ్లు సరిగా వంగవు. గేనర్‌కు గోళ్లు లేవు, శుక్రవారమంతా కొరికేసుకుంది. ఇద్దరూ ఒక రాయికి ఆనుకుని కూర్చుని, తలలు దగ్గరపెట్టి, ముడిని అటూ ఇటూ తిప్పారు. పది నిమిషాలయింది. నిలబడ్డవాళ్లు ఒక్కొక్కరూ గడ్డిలో చతికిలబడ్డారు. మాల్కం పళ్లతో పట్టి లాగాడు, పీచు ఉమ్మేశాడు.

"కట్టుడు పళ్లు ఊడేను" అన్నాడు విల్ఫ్.

"నోరు మూసుకో విల్ఫ్" అన్నారు ఇద్దరూ ఒకేసారి.

పావుగంట దాటాక మాల్కం ఆగి, ముడిని ఎండకు పట్టి చూశాడు. చెడిపోయిన కంప్రెసర్‌ను చూసినట్టు చూశాడు.

"నువ్వు లాగుతున్నావు. నేనూ లాగుతున్నాను. లాగితే బిగుస్తుంది. నీ కొస లోపలికి తొయ్యి."

ఆమె తోసింది. అతనూ తోశాడు. తాడు లోపల ఎక్కడో కదిలింది. ఇంకొంచెం తోశారు. ముడి మధ్య చిన్న సందు పడింది, గేనర్ చిటికెన వేలు పట్టేంత. ఆమె వేలు పెట్టి వెడల్పు చేసింది, అతను కొసను వెనక్కి పంపాడు.

వీడిపోయింది.

ఇద్దరికీ వెంటనే లేవాలనిపించలేదు. ఊనా రొట్టె తెచ్చి వాళ్ల మధ్య పెట్టింది. చల్లారిపోయింది, పైపెంకు గట్టిగా ఉంది. మాల్కం దాన్ని విరిచాడు. ఒక ముక్క పెద్దదయింది, ఒకటి చిన్నది. అలవాటు చొప్పున పెద్దది ఆమెకిచ్చి, మోకాళ్లకు ఎండ తగిలేలా ప్యాంటు పైకి మడుచుకుని తినసాగాడు.