దిగిరాని బంతి

పట్టీలావిడ పొద్దున్నే దుకాణం తెరిచి, కిటికీ రెక్క తోసి, బల్ల మీద ధూళి దులిపి, అరిగిపోయిన గోల్ఫ్ కర్రలను వరసగా గోడకు ఆనించేది. ఆమె పని ఆ కర్రలకు చేత్తో పట్టుకునే చోట పట్టీలు మార్చడం. పాత రబ్బరు పట్టీని బ్లేడుతో నిలువునా చీల్చడం, కింద అంటుకున్న జిగురు గోకడం, కొత్త టేపు చుట్టి దాని మీద కొత్త పట్టీని ఒక్క తోపులో ఎక్కించడం. తోపు మధ్యలో ఆగిందా, పట్టీ అక్కడే బిగుసుకుపోతుంది, మళ్ళీ చీల్చుకోవాల్సిందే. ఇరవై ఏళ్ళుగా అదే పని చేస్తూ ఆమె మనుషుల్ని పట్టీల్ని బట్టి గుర్తుపట్టే స్థితికొచ్చింది. బొటనవేలి దగ్గర గుంట పడిందంటే ఆ మనిషి స్కోరు కార్డు మీద అంకెను తలుచుకుని భయపడుతూ ఆడుతున్నాడని అర్థం. క్లబ్బులో చాలామంది పట్టీలకు ఆ గుంట ఉండేది.

భయానికి కారణం లేకపోలేదు. ఆ మైదానంలో బాగా తగిలిన బంతి వెంటనే కిందికి రాదు. ఓ మోస్తరుగా తగిలితే టీ తాగి వచ్చేలోపు దిగుతుంది. ఇంకా బాగా తగిలితే మర్నాటికి దిగుతుంది. పళ్ళ డాక్టరుగారు కొట్టిన ఒక బంతి తొమ్మిది రోజులు పైనే ఉండిపోయింది. ఆ తొమ్మిది రోజులూ ఆయన దగ్గర పన్ను పీకించుకున్న వాళ్ళెవరికీ నొప్పే తెలియలేదంటారు. అన్నది ఆయనే అనుకోండి.

చిక్కల్లా కార్డు దగ్గర వచ్చేది. మైదానంలో ఒక్కో గుంటలో బంతి వేయడానికి ఎన్ని దెబ్బలు పట్టాయో అందులో రాస్తారు, మొత్తం తక్కువైనవాళ్ళదే గెలుపు. మూడు నిమిషాల్లో బంతి దొరక్కపోతే అది పోయినట్టే. కార్డు మీద ఆ గుంటకు ఎదురుగా "పో" అని రాసి, ఒక దెబ్బ జరిమానా కలుపుకుని, మళ్ళీ మొదటి చోటినించే కొట్టాలి. అంటే ఎంత అందంగా కొడితే అంత నష్టం. అందుకని తెలివైనవాళ్ళు మట్టి దెబ్బ నేర్చుకున్నారు. బంతి కంటే ముందు కర్ర కాస్త నేలను కరిస్తే, బంతి మందకొడిగా లేచి, చెప్పినమాట విని ఎక్కడ పడాలో అక్కడ పడుతుంది. చూడటానికి ఏమీ ఉండదు, అంకె మాత్రం తగ్గుతుంది.

ఆ విద్యలో ఘనుడు ఒకాయన ఉండేవాడు. ప్రతి దెబ్బ తర్వాతా "సరిపోతుందిలే" అనడం ఆయనకు అలవాటు, అందుకని ఆయన పేరే సరిపోతుందిగారు అయిపోయింది. పోటీల్లో కప్పులన్నీ ఆయనవే. కానీ టీ గదిలో ఆయన ఆట గురించి ఎవరూ మాట్లాడుకునేవాళ్ళు కాదు. అసలు అంకెల మాటే వచ్చేది కాదు. నిన్న మీ స్కోరు ఎంతండీ అంటే జేబులు తడుముకునేవాళ్ళు, మూడేళ్ళ కిందట ఏ చెట్టు పక్కనించి ఏ కర్రతో కొడితే ఎలా తగిలిందో చెప్పమంటే మాత్రం టీలు చల్లారిపోయేవి. అలా చెప్పినవాళ్ళే మర్నాడు పోటీకి వెళ్ళి బుద్ధిగా మట్టి దెబ్బలు కొట్టుకునేవాళ్ళు. మనుషులు ఇంతే, ఏం చేస్తాం.

ఆ ఏడాది పట్టీలావిడకు ఒకేసారి రెండు కబుర్లు తెలిశాయి. పట్టీలు ఎక్కించే యంత్రం కొంటున్నారు కాబట్టి నెలాఖరుకు దుకాణం మూసేస్తారు. క్లబ్బులో ఆట నేర్పే పెద్దసారు మోకాళ్ళ నొప్పులతో మానేస్తున్నారు, ఆయన పోస్టుకు మనిషి కావాలి. కోరుకున్నవాళ్ళందరూ ఒక రోజు ఆడాలి, తక్కువ స్కోరు వచ్చినవాళ్ళదే పోస్టు. కోరుకున్నది ఇద్దరే. ఒకరు సరిపోతుందిగారు. రెండో మనిషి ఆమె. దుకాణం కట్టేశాక తనూ కాసేపు ఆడేది.

ఆమె ఉండేది అక్క దగ్గర. అక్క బట్టలు కుడుతుంది. ముందుగదిలో కుట్టుమిషను, మధ్యగదిలో మంచం, వెనక వంటిల్లు, అంతే ఇల్లు. పోటీనాడు అక్క మిషను ఆపి, సూదిలో దారం ఎక్కిస్తూ చెప్పింది.

"ఈ ఒక్కరోజూ నీ చేతులకి నచ్చజెప్పుకోవే. పిచ్చి పిచ్చిగా పైకి కొట్టకు."

"కొట్టనులే అక్కా."

"ఆ మాట క్రితంసారీ అన్నావు. వారం రోజులు మేడెక్కి చూస్తూ కూచున్నావు."

"ఈసారి మట్టి దెబ్బలే. ఒట్టు."

ఒట్టు నిలబెట్టుకుంది కూడా. పదిహేడు గుంటల వరకూ ఒక్క బంతినీ పైన ఉండనివ్వలేదు. కర్ర దించే ముందు మణికట్టు కొంచెం వదులు చేసేది, నేల కాస్త తెగేది, బంతి బద్ధకంగా లేచి పడేది. పెద్దసారు చేతికర్ర ఊతంతో పక్కనే నడుస్తూ ఆమె కార్డు రాస్తున్నారు. పదిహేడో గుంట అయ్యేసరికి మొత్తం డెబ్భై మూడు. సరిపోతుందిగారు అప్పటికే డెబ్భై ఎనిమిదికి ముగించి, చివరి గుంటలో గుచ్చిన జెండా దగ్గర నీడలో కుర్చీ వేసుకుని కూచున్నారు. ఈ ఆఖరి గుంట నాలుగు దెబ్బల్లో అయిపోతే పోస్టు ఆమెది.

మొదటి దెబ్బ మట్టి దెబ్బే. బంతి చెరువుకు ఇవతల గడ్డిలో పడింది. చెరువు దాటితే జెండా, నూట నలభై గజాలు. ఇంకొక మందకొడి దెబ్బ వేసి, తర్వాత రెండు చిన్న దెబ్బలతో బంతిని గుంటలోకి తోసేస్తే చాలు.

ఆమె బంతి వెనక నిలబడి, ఆ పూట ఆడిన ఆట తలుచుకోబోయింది. ఒక్క దెబ్బా గుర్తురాలేదు. మొదటి గుంట దగ్గర ఏ కర్ర తీసింది, ఏడో గుంట దగ్గర గాలి ఎటు వీచింది, ఏమీ లేదు. డెబ్భై నాలుగుసార్లు కర్ర ఊపింది గానీ, వాటిలో తనది అని చెప్పుకోదగ్గది ఒక్కటీ లేదు. పోస్టు వస్తే రేపట్నించి పదిమందికి నేర్పబోయేది ఇదేనా అనుకుంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, వాటి వెంటే కోపమూ వచ్చింది. అక్క గుర్తొచ్చింది, మూతపడబోయే దుకాణం గుర్తొచ్చింది. అయినా మణికట్టు వదులు చేయలేదు.

తగిలింది. ఎంత బాగా తగిలిందంటే చేతికి తగిలినట్టే తెలియలేదు. పక్వానికొచ్చిన కాయ తొడిమ నించి ఊడినట్టు చిన్న శబ్దం, అంతే. బంతి చెరువు మీదుగా లేచి, లేచి, జెండాకు సరిగ్గా పైన ఆగింది.

కుర్చీలోంచి సరిపోతుందిగారు కూడా లేచి తల పైకెత్తారు. మూడు నిమిషాలు గడిచాయి. తర్వాత పెద్దసారు నిట్టూర్చి పెన్సిలు తీశారు.

"పో అని రాసేస్తున్నానమ్మా."

"పో ఏమిటి సార్? ఎక్కడికి పోయింది?"

"మూడు నిమిషాలైపోయింది కదా."

"దొరక్కపోతే కదా మూడు నిమిషాలు? అదుగో, ఉంది. మీకూ కనిపిస్తోంది, నాకూ కనిపిస్తోంది. ఉన్నదాన్ని పోయిందని ఎలా రాస్తారు?"

పెద్దసారు కార్డు మీద ఆనించిన పెన్సిలు వెనక్కి తీసుకున్నారు. క్లబ్బు కార్యదర్శిని పిలిచారు. ఆయన రిటైరైన వకీలు, రూల్సు పుస్తకం లేనిదే గడప దాటడు. కళ్ళజోడు సవరించుకుని పేజీలు తిప్పాడు, దూరదర్శిని తెప్పించి బంతిని చూశాడు, మళ్ళీ పేజీలు తిప్పాడు.

"కనిపిస్తున్న బంతి పోయిన బంతి కాదు. ఆమె అన్నది కరెక్టే. ఇకపోతే అది ఆగిందా, కదులుతోందా అన్నది ప్రశ్న. చూస్తే, ఉన్నచోటే తిరుగుతోంది. కదులుతున్న బంతి ఆగేదాకా ఆటగాడు వేచి ఉండాలి. జరిమానా ఏమీ లేదు."

"మరి ఇన్నేళ్ళూ పో అని రాశాం కదండీ?" అన్నారు సరిపోతుందిగారు.

కార్యదర్శి పెద్దసారు వంక చూశాడు. పెద్దసారు తల దించుకున్నారు.

"మొదటి పో నేనే రాసుకున్నాను, నలభై ఏళ్ళ కిందట," అన్నారు. "అంత బాగా మళ్ళీ ఎప్పుడూ కొట్టలేదు. అందరూ నా వంకే చూస్తున్నారు, నాకు సిగ్గేసింది. ఊరికే నిలబడలేక ఏదో ఒకటి రాసి ముందుకెళ్ళాలనిపించింది. అది చూసి మిగతావాళ్ళూ రాశారు."

కార్డు అలాగే మడిచి, సంతకం లేకుండా జేబులో పెట్టుకున్నారు.

సాయంత్రం అక్క గుమ్మంలోనే అడిగింది. "గెలిచావా, ఓడావా?"

"ఇంకా తెలీదక్కా. బంతి పైనుంది."

అక్క నెత్తి కొట్టుకుంది. కొట్టుకుని, ఎంత ఎత్తులో ఉందని అడిగింది.

వారం గడిచింది, నెల గడిచింది, బంతి దిగలేదు. పెద్దసారు మానేశారు. ఆట పూర్తికాకుండా పోస్టు ఎవరికీ ఇవ్వడానికి లేదని కార్యదర్శి తేల్చాడు. అప్పటిదాకా పొద్దున సరిపోతుందిగారు, సాయంత్రం ఆమె నేర్పాలని బోర్డు మీద "తాత్కాలికం" అని కాగితం అంటించాడు. దుకాణంలోకి యంత్రం వచ్చింది.

మొదట్లో పొద్దున క్లాసుకే జనం ఎక్కువ. కానీ "పో" లేదన్న సంగతి మెల్లిగా అందరికీ వంటబట్టింది. ఇక బాగా కొడితే నష్టం లేదు, వేచి ఉండాలి, అంతే. పళ్ళ డాక్టరుగారు తెగించి కొట్టారు. పోస్టుమాస్టరమ్మ కొట్టింది. గడ్డి కోసే ముసలాయన సెలవు రోజున కర్ర అరువు తెచ్చుకుని కొట్టాడు. ఆకాశంలో బంతులు పెరిగాయి, సగం ఆడిన కార్డులు టీ గది సొరుగులో గుట్టలుపడ్డాయి. ఆ ఏడాది కప్పు ఎవరిదో తేలలేదు, ఎవరూ అడగలేదు. కార్యదర్శి ఒక్కడే ఇలాగైతే క్లబ్బు నడిచినట్టే అని గొణిగేవాడు. ఆయన బంతీ ఒకటి పైనే ఉంది కాబట్టి పెద్దగా అనేవాడు కాదు.

పూర్తయిన కార్డులన్నీ ఒక్కరివే. సరిపోతుందిగారు ఎప్పటిలా చక్కగా ముగించి, సంతకం పెట్టి, టీ గదిలో కూచునేవారు. మిగతావాళ్ళు కిటికీ దగ్గర గుంపుగా నిలబడి, అది నాది, ఆ పక్కది మీది అనుకుంటుంటే, ఆయన కప్పులో చక్కెర కలుపుతూ ఉండేవారు. కరిగిపోయాక కూడా కలుపుతూనే ఉండేవారు.

పది నెలల తర్వాత ఒక మధ్యాహ్నం ఆమె బంతి దిగింది. తొందరేమీ లేకుండా, ఎవరో చేత్తో పట్టుకుని దించినట్టు దిగి, గుంటకు ఆరడుగుల దూరంలో ఆగింది. కబురు తెలిసి అందరూ పరుగెత్తుకొచ్చారు. అక్క మెడలో కొలతల టేపు తీయడం కూడా మరిచిపోయి వచ్చింది. పెద్దసారిని కారులో తీసుకొచ్చారు. మడతల దగ్గర చిరిగిన కార్డు ఆయన జేబులోనే ఉంది.

జెండా పట్టుకున్నది సరిపోతుందిగారు. ఎదుటి ఆటగాడు పట్టుకోవడం మర్యాద మరి.

ఆమె మొదటి తోపు గుంట అంచు దాకా వెళ్ళి నిలబడిపోయింది. రెండోది లోపల పడింది. నాలుగు. మొత్తం డెబ్భై ఏడు. పెద్దసారు సంతకం చేశారు, కార్యదర్శి "తాత్కాలికం" కాగితం చింపాడు, అక్క ఏడ్చేసింది. సరిపోతుందిగారు జెండాను గుంటలో నిలిపి, ఆమెకు దణ్ణం పెట్టి వెళ్ళిపోయారు. ఆమె సంతోషించింది, నిజంగానే. కానీ తల పైకెత్తి చూస్తే జెండా పైన ఆకాశంలో ఏమీ లేదు.

మర్నాడు సాయంత్రం క్లాసు అయిపోయి అందరూ వెళ్ళాక, సరిపోతుందిగారు ఒక్క కర్ర చేతపట్టుకుని వచ్చారు. చెట్టు చాటునించి ఇటూ అటూ చూసి, దగ్గరికొచ్చి నిలబడ్డారు.

"అమ్మా, ఒక మాట. నవ్వకూడదు."

"చెప్పండి."

"ముప్ఫై ఏళ్ళనించి ఆడుతున్నాను. అంకె తగ్గించడం నాకొచ్చు. అదొక్కటే వచ్చు. ఒక్క బంతి... ఒక్కటంటే ఒక్కటి పైకి పంపాలని ఉంది."

ఆమె నవ్వలేదు. కర్ర తీసుకుని పట్టీ చూసింది. బొటనవేలి గుంట ఇంత లోతు. ఆయన వేళ్ళు ఒక్కొక్కటే విప్పి, కొంచెం జరిపి పెట్టింది.

"ఇంత వదులుగానా? జారిపోతుందమ్మా."

"జారదు. కొట్టండి."

నలభై మూడు బంతులు మట్టి కరిచి పడ్డాయి. ఆయన చొక్కా తడిసిపోయింది, మాట కూడా తడబడింది. ఇక నావల్ల కాదు, పొద్దుపోతోంది, నువ్వింటికెళ్ళు అన్నారు. ఆమె ఇంకో బంతి పెట్టింది.

అది వెళ్ళింది. చిన్న శబ్దం చేసి, లేచి, చెట్ల మీదుగా వెళ్ళి, ఎర్రబడుతున్న ఆకాశంలో ఆగింది. ఆయన కర్ర అలాగే పైకెత్తి పట్టుకుని ఉండిపోయారు. ఎప్పుడూ అనే మాట అనబోయి, నోరు తెరిచి, మూసేశారు.

"ఇప్పుడేం చెయ్యాలమ్మా?" అన్నారు.

"ఏముందండీ. ఇంటికెళ్ళి భోంచేసి పడుకోండి. రేపు పొద్దున్నే వచ్చి చూసుకోవచ్చు."

"సరే," అన్నారు ఆయన. కానీ కదల్లేదు. ఆమె బంతులన్నీ ఏరి బుట్టలో వేసుకుని, గేటు దాకా వెళ్ళి వెనక్కి తిరిగి చూసింది. ఆయన గడ్డి మీద చతికిలబడి, టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుని, పైకే చూస్తున్నారు.