ఇరవై నాలుగు అంగుళాలు

ఆ ఇంట్లో కాఫీ తాగిన కప్పును కింద పెట్టే అలవాటు లేదు. తాగడం అయిపోగానే చెయ్యి పక్కకి చాస్తారు, వేళ్ళు వదులు చేస్తారు, అంతే. మామగారు బతికున్నన్నాళ్ళూ ఆయన చాచేవారు, అత్తగారు అందుకునేది. ఆయన పోయాక ఆ సోఫా, అందులో కుడివైపు మూల, ఆ చెయ్యి చాచే పద్ధతి మూడూ కొడుక్కి సంక్రమించాయి. అందుకునే పని కోడలికి వచ్చింది. పదిహేనేళ్ళలో ఆమె ఎంత ఆరితేరిందంటే, వంటింట్లో మిక్సీ తిరుగుతున్నా హాల్లో ఆఖరి గుక్క చప్పుడు వినిపించేది. చేతిలో పని అక్కడే వదిలేసి వచ్చి, వంగి, అరచెయ్యి పట్టేది. భర్త టీవీ మీంచి చూపు తిప్పకుండానే కప్పు వదిలేసేవాడు. ఇన్నేళ్ళలో ఒక్క కప్పు కూడా కింద పడలేదు. అదొక ఘనత అని ఎవరికీ తోచలేదు, ఆమెకీ తోచలేదు. పడని కప్పుల్ని ఎవరు పట్టించుకుంటారు? ఆమె కాఫీ మాత్రం పొయ్యి పక్కన చల్లారి మీగడ కట్టేది. దాన్ని నిలబడే, మందు మింగినట్టు ఒక్క గుక్కలో తాగేసేది.

నవ్వొచ్చే సంగతేమిటంటే, ఆమె ఉద్యోగం ఫర్నిచర్ షాపులో. అందులోనూ సోఫా పక్కన వేసుకునే చిన్న బల్లలు అమ్మడంలో ఆమెని మించినవాళ్ళు లేరు. "బల్ల ఎత్తు సోఫా చేతికి సమానంగా ఉండాలండీ, మహా అయితే ఒక అంగుళం తక్కువ. వెడల్పు సోఫా లోతును మించకూడదు. చెయ్యి చాపితే అందాలి, నడుస్తుంటే మోకాలికి తగలకూడదు. ఉన్నట్టే తెలియకూడదు, లేకపోతే మాత్రం ఏమీ తోచకూడదు" అని ఆమె గడగడా చెబుతుంటే, లైటు కొనడానికి వచ్చినవాళ్ళు కూడా బల్ల కొనుక్కుని వెళ్ళేవారు. అయినా కస్టమర్లకి టీ అందించే పని ఆమెదే. "ఆడవాళ్ళ చేత్తో ఇస్తే మర్యాదగా ఉంటుంది" అనేవాడు యజమాని. అక్కడ ఇంకో నియమం కూడా ఉంది. పనిచేసేవాళ్ళు అమ్మకానికి పెట్టిన సోఫాల్లో కూర్చోకూడదు. నలభై సోఫాల మధ్య రోజుకి తొమ్మిది గంటలు నిలబడే ఉండాలి.

ఒకరోజు ఒక రిటైరైన నర్సు వచ్చింది. తెల్లజుట్టు, చురుకైన కళ్ళు, ఒక్కర్తే ఉంటుందట. బల్లల గురించి ఈమె చెప్పిందంతా శ్రద్ధగా విని, టీ కప్పు చేత్తో పట్టుకుని అడిగింది.

"బాగా చెప్పావమ్మా. ఇంతకీ మీ ఇంట్లో ఏ రకం వేసుకున్నారు?"

"మా ఇంట్లో లేవండీ."

"అయ్యో రాత! మరి కప్పు ఎక్కడ పెడతారు?"

"నా చేతిలో" అంది ఆమె.

అలవాటుగా, ఉన్నమాటే చెప్పింది. కానీ ఆ మాట బయటికొచ్చాక మళ్ళీ లోపలికి పోలేదు. నర్సు నవ్వలేదు. చేతిలో కప్పును పక్కనే ఉన్న బల్ల మీద మెల్లగా పెట్టి, "నలభై ఏళ్ళు నిలబడి పనిచేసినదాన్ని. నడుం సంగతి నాకు తెలుసు. ముందు నువ్వు కూర్చో" అంది. యజమాని అద్దాల గదిలోంచి చూస్తున్నాడు. ఆమె కూర్చుంది. ఎనిమిదేళ్ళుగా మెత్తగా ఉంటుందని తను చెబుతూ వచ్చిన సోఫా నిజంగానే అంత మెత్తగా ఉందని అప్పుడే తెలిసింది. యజమాని గుమ్మం దాకా వచ్చి కనుబొమలు ఎగరేశాడు. "కూర్చుని చూపిస్తేనే ఎత్తు తెలుస్తుంది సార్" అంది ఆమె, లేవకుండా. నర్సు ఒక బల్ల అడగబోయి రెండు తీసుకుంది. యజమాని కనుబొమలు వాటి చోటికి అవే దిగాయి.

ఆ సాయంత్రం ఇంటికి రాగానే టేపు తీసి సోఫా చెయ్యి ఎత్తు కొలిచింది. ఇరవై నాలుగు అంగుళాలు. ఏం తోచిందో, కప్పు అందుకునేటప్పుడు వంగే తీరులో వంగి, అరచెయ్యి చాపి, నేల నుంచి అరచేతి దాకా కూడా కొలుచుకుంది. అదీ ఇరవై నాలుగే. వెంట్రుకవాసి తేడా లేదు. షాపులో తను అమ్మే సరుకంతటిలోనూ ఇంత సరిగ్గా కుదిరినది లేదు! ఆమెకి ముందు నవ్వొచ్చింది, ఆ వెనకే ఒళ్ళు మండేంత కోపం వచ్చింది. ఎవరి మీదో కాదు, కొలత అంత చక్కగా కుదిరినందుకు.

"బల్లలా? గోటితో పోయేదానికి గొడ్డలెందుకు? నువ్వున్నావుగా!" అన్నాడు భర్త. నవ్వుతూ, ముద్దుగానే అన్నాడు. పెళ్ళైన కొత్తలో ఆ "నువ్వున్నావుగా" వింటే ఆమె కరిగిపోయేది. తాళంచెవి ఎక్కడుంది, నువ్వున్నావుగా. అమ్మకి మాత్రలు ఎవరిస్తారు, నువ్వున్నావుగా. తన మీద ఎంత నమ్మకం అనుకునేది. ఇన్నాళ్ళకి ఆ మాటని అటూ ఇటూ తిప్పి చూస్తే, తను ఆ ఇంట్లో ఎక్కడ కూర్చుంటుందో అందులో ఎక్కడా లేదు. "హాల్లో నడవడానికి అడ్డం" అని అత్తగారు వంటింటి గుమ్మం పక్క స్టూలు మీంచి వంతపాడింది. ఆమె వాదించలేదు. వాదిస్తే ఆ రాత్రి గెలుస్తారు, పొద్దున కాఫీ కప్పు మళ్ళీ చేతికే వస్తుంది.

షాపులో వారం రోజులు ఏరింది. గాజువి వద్దు, మరక తుడిచే పని తనకే పడుతుంది. చక్రాలవి వద్దు, కదిలేదానికి ఒక చోటంటూ ఉండదు. చివరికి గుండ్రటి అంచులతో, ముదురు రంగు టేకు బల్లలు రెండు తన జీతంలోంచి కొనుక్కుంది. ఒకటి సోఫా కుడివైపు వేసింది. రెండోది కిటికీ దగ్గర. అక్కడొక పేము కుర్చీ ఏళ్ళ తరబడి ఉతికిన బట్టలు మోస్తోంది. ఆ బట్టలన్నీ తీసుకెళ్ళి ఎవరివి వాళ్ళ మంచం మీద పెట్టింది. కుర్చీ తుడిచి, పక్కన బల్ల మీద ఒక లైటు, సగంలో ఆగిపోయిన నవల, తన కప్పు పెట్టుకుని కూర్చుంది.

సోఫాలో భర్త ఆఖరి గుక్క తాగిన చప్పుడైంది. ఆమె కాళ్ళు వాటంతటవే లేవబోయాయి. పాదాలు నేలకి గట్టిగా అదిమిపెట్టింది. ఏదో నేరం చేస్తున్నట్టనిపించింది. అతని చెయ్యి చాచుకుంది, బల్లని దాటి, ఎప్పుడూ ఆమె నిలబడే చోటికి. వేళ్ళు వదులయ్యాయి.

కప్పు భళ్ళున పగిలింది.

అతను టీవీ మీంచి చూపు తిప్పాడు. ముక్కల్ని చూశాడు, ఖాళీ చేతిని చూసుకున్నాడు. "ఎక్కడున్నావ్?"

"ఇక్కడే. కూర్చున్నాను."

"పగిలిపోయింది."

"ఊఁ. చీపురు తలుపు వెనకుంది."

అతను తల్లి వైపు చూశాడు. పెద్దావిడ స్టూలు మీంచి కదలలేదు. "పక్కనే అంత బల్ల పెట్టుకుని గాల్లో పడేస్తే అమ్మాయి మాత్రం ఏం చేస్తుందిరా? ఊడువు. కాళ్ళకి గుచ్చుకుంటాయి" అంది. అతను తలుపు వెనక కాసేపు వెతికి చీపురు తెచ్చాడు. ముక్కల్ని సోఫా కిందికి తోయబోయి, భార్య చూస్తోందని గ్రహించి, మళ్ళీ బయటికి లాగాడు. ఆమె అదంతా చూస్తూ కాఫీ తాగింది. నాలుక కాలింది! కాలితే కాలనీ, వేడి కాఫీ తాగి ఎన్నేళ్ళైంది.

అతను ముక్కలు పారేయడానికి వెళ్ళాక, అత్తగారు గొంతు తగ్గించి పిలిచింది. "ఏమే అమ్మాయ్, మీ షాపులో అలాంటి బల్ల ఇంకోటి ఉందా?"

"ఎందుకు లేదు అత్తయ్యా! ఎత్తు సరిపోవాలి. మీ కుర్చీ ఎంత ఎత్తో కొలుస్తానుండండి." ఆమె టేపు తీసుకుని లేచింది.

పెద్దావిడ హాలంతా ఒకసారి కలయజూసింది. సోఫా చూసింది, పేము కుర్చీ చూసింది, తను కూర్చున్న స్టూలుని చేత్తో తడుముకుంది.

"యాభై ఏళ్ళైందే ఈ ఇంటికొచ్చి" అంది. "నాకు కుర్చీ ఎక్కడుంది?"

ఆమె టేపు చుట్టేసి, అత్తగారి చెయ్యి పట్టుకుని లేపి, పేము కుర్చీలో కూర్చోబెట్టింది. తను వెళ్ళి సోఫాలో కుడివైపు మూల కూర్చుంది.