ఇరవై ఎనిమిదో మ్యాచ్

"మళ్ళా ఓడిపోనారేటే?" అని అడిగింది తవిటమ్మ.

కోడలు రాజకుమారి వల మీద ఆరబోసిన నెత్తళ్ళ చేపలను తిరగేస్తోంది. "ఓడిపోనారత్తా."

"ఎంతకి?"

"పందొమ్మిది పాయింట్లు."

"ఆళ్ళకి జీతాలిస్తారా?"

"ఇస్తారు."

"ఓడిపోడానికి జీతాలేటే? మరి మనకెవుడూ ఇవ్వడేటి?" అని తవిటమ్మ తన మాటకు తనే నవ్వుకుంది.

ఓడిపోయింది వైజాగ్ యాంకర్స్ అనే బాస్కెట్‌బాల్ జట్టు. కిందటేడు పద్నాలుగు మ్యాచ్‌లు ఆడి పద్నాలుగూ ఓడింది. ఈ ఏడు నిన్నటితో పదమూడు. ఇరవై ఏడింటినీ రాజకుమారి ఫోన్‌లో చూసింది. ఒక్కదాన్నీ మధ్యలో ఆపలేదు. ముప్పై పాయింట్లు వెనకబడి, జట్టు వాళ్ళే గడియారం వైపు చూసే వేళకూ ఆమె కళ్ళు తిప్పలేదు.

వాళ్ళుండేది కళింగపట్నం. రాజకుమారి భర్త యుగంధర్ గుజరాత్‌లో, వేరావల్ రేవులో బోటు మీద పని చేస్తాడు. ఆగస్టులో వెళ్తే ఏప్రిల్‌కి వస్తాడు. ఆ ఎనిమిది నెలలూ తెల్లవారుజామున రేవుకి వెళ్ళి వేలంలో చేపలు పాడుకోవడం, కడగడం, ఎండబెట్టడం, గంపతో ఊళ్ళు తిరిగి అమ్మడం, అత్తకు షుగరు మాత్రలు వేయడం రాజకుమారి పని. ఇంకో పని కూడా ఉంది. దాన్ని పని అని ఎవరూ అనరు. సందేళ ఒడ్డుకు వెళ్ళి, లైట్‌హౌస్ దీపం వెలిగేదాకా సముద్రం వైపు చూస్తూ నిలబడాలి.

మగవాడు వేటలో ఉన్నంతసేపు ఆడది ఒడ్డుకు వీపు చూపకూడదని ఆ ఇళ్ళలో నియమం. పడవలు తెల్లారి వెళ్ళి మధ్యాహ్నానికి తిరిగొచ్చే రోజుల్లో పుట్టిన నియమం అది. యుగంధర్ ఒకసారి బోటెక్కితే ఇరవై రోజులు దిగడు. అందుకని తవిటమ్మ నియమాన్ని కొంచెం సర్దింది. రోజుకోసారి నిలబడితే చాలు. కానీ ఊరు దాటి రాత్రి ఉండకూడదు, రైలెక్కకూడదు, సినిమాకు పోకూడదు.

పెళ్ళైన కొత్తలో రాజకుమారి ఒకసారి అంది. "అత్తా, మీ అబ్బాయి ఉన్నది అటుపక్క సముద్రం. ఇక్కడ నిలబడితే ఏటి?"

"సముద్రానికి గోడలున్నాయేటే?" అంది తవిటమ్మ. తర్వాత గొంతు తగ్గించి, "నీకు తెలీకపోతే ఇంకెవులికి తెలుస్తాది?" అంది.

ఆ మాట తర్వాత రాజకుమారి మళ్ళీ అడగలేదు. ఆమె పుట్టి పెరిగిందీ ఆ ఊళ్ళోనే. ఆమెకు పద్నాలుగేళ్ళప్పుడు వాయుగుండం పట్టిన రోజున తండ్రి రాముడి పడవ వేటలో ఉండిపోయింది. ఊరి ఆడవాళ్ళంతా ఒడ్డున నిలబడ్డారు. పడవలు ఒక్కొక్కటే వస్తున్నాయి. ఆ రోజే శ్రీకాకుళంలో బాస్కెట్‌బాల్ జిల్లా జట్టుకి ఎంపిక. డ్రిల్లు మేష్టారు జగన్నాధం గారు పది గంటల బస్సుకి రమ్మన్నారు. రెండు పడవలు ఇంకా రావాలి. రాజకుమారి పదికి ఐదు నిమిషాలు తక్కువయ్యేదాకా నిలబడి, తిరిగి, బస్సు దగ్గరికి పరిగెత్తింది. పదకొండు పాయింట్లు వేసింది. జట్టులో పేరు రాసుకున్నారు. సాయంత్రం వచ్చేసరికి రెండింట్లో ఒక పడవ ఒడ్డున ఉంది. అది తండ్రిది కాదు.

దినం రోజున మేనత్త అందరి ముందూ అంది: "ఇది ఈపు సూపి ఎల్లిపోనాది." తల్లి ఆ మాట కాదనలేదు. చచ్చిపోయేదాకా కాదనలేదు. రాజకుమారి మళ్ళీ బంతి ముట్టుకోలేదు.

కిందటేడు ఒకరోజు, ఒడ్డున నిలబడి ఫోన్‌లో ఏదో చూస్తుంటే యాంకర్స్ ఆట కనిపించింది. కెప్టెన్ హరిబాబుది బొబ్బిలి. ముప్పై ఐదేళ్ళుంటాయి, మోకాలికి పట్టీ ఉంటుంది. ఫ్రీత్రోకి గీత దగ్గర ఒంటరిగా నిలబడి, బంతి వేసే ముందు ఒకసారి వెనక్కి తిరిగి జనం వైపు చూస్తాడు. అలలు దాటే ముందు తండ్రి అలాగే ఒడ్డు వైపు ఒకసారి చూసేవాడు. ఆ రోజు నుంచి ఆమె ఆట వదల్లేదు.

జట్టు ఓడి, ఆటగాళ్ళు తలలు దించుకుని లోపలికి పోతుంటే, ఆ తెరలో ఒక మూల తండ్రి రాముడు కనిపిస్తాడు. చొక్కా నీళ్ళోడుతూ ఉంటుంది. ఆమెకు అతనంటే భయం లేదు. భయం ఇంకొకటి. వాళ్ళు గెలవాలని పళ్ళు బిగబట్టుకుని చూస్తుంది. ఓడిపోయినప్పుడు గుండెల్లోంచి బరువేదో దిగుతుంది. ఎందుకు దిగుతుందో ఒక రోజు చేపలు కడుగుతుంటే అర్థమై చేతులు ఆగిపోయాయి. తను కళ్ళార్పకుండా నిలబడ్డా వాళ్ళు మునిగిపోతున్నారు. అంటే నిలబడడం ఎవరినీ కాపాడదు. తను చూసినందువల్ల ఒక్కసారి గెలిచినా, చూడనందువల్ల నాన్న పోయినట్టే.

ఇది ఎవరికి చెప్పాలి?

జట్టు నడిపే కంపెనీ వచ్చే ఏడు నుంచి నడపనంది. ఆదివారం వైజాగ్‌లో ఆఖరి మ్యాచ్. రెండు వారాల ముందే, బోటు ఎక్కబోతూ యుగంధర్ ఫోన్ చేసినప్పుడు రాజకుమారి వెళ్తానని చెప్పింది.

"బంతాటకా? బుర్ర తిరిగిందేటే నీకు? నేను సముద్రమ్మీద ఉంటే నువ్వు రైలెక్కుతావా?"

"పొద్దున్నెళ్ళి రాత్రికి వచ్చెస్తాను మావా."

"మీ నాన్నకి సేసింది సాలదేటి?"

పదిహేనేళ్ళ కాపురంలో అతను ఆ మాట అనడం అదే మొదటిసారి. లోపల ఉందని ఆమెకు తెలుసు. బయటికి వచ్చాక, ఇక దాచుకోవలసిందేమీ ఇద్దరికీ మిగల్లేదు. "బోటుకి టైమయింది, ఎల్లు మావా," అని ఫోన్ పెట్టేసింది.

ఆదివారం అత్తకు అన్నం వండి, మాత్రలు పక్కన పెట్టి, బస్సులో ఆమదాలవలస చేరి రైలెక్కింది. తవిటమ్మ వద్దనలేదు. గుమ్మంలో కూర్చుని, మొహం సముద్రం వైపు తిప్పుకుంది.

స్టేడియంలో రెండు వందల మంది ఉంటారేమో. అవతలిది చెన్నై జట్టు. మూడో క్వార్టర్ అయ్యేసరికి స్కోరు సమానంగా ఉంది. నాలుగో క్వార్టర్‌లో యాంకర్స్ రెండు పాయింట్లు ముందుకొచ్చారు. జనం లేచి నిలబడ్డారు. రాజకుమారి లేవలేకపోయింది. అవతలి గేటు దగ్గర రాముడు ఉన్నాడు. తడి చొక్కాతోనే.

నలభై సెకండ్లు ఉన్నాయి. హరిబాబు ఫ్రీత్రో వేయడానికి గీత దగ్గరికొచ్చాడు. తిరిగి జనం వైపు చూశాడు.

ఇప్పుడు గెలిస్తే తను చూసినందుకే గెలిచారని బుర్ర చెప్తుంది. చచ్చేదాకా చెప్తూనే ఉంటుంది. రాజకుమారి లేచింది. కుర్చీ పట్టుకుని ఆటకు వీపు పెట్టి, గోడ వైపు తిరిగి నిలబడింది. పక్కనున్న ఆవిడ, "ఏమ్మా, కళ్ళు తిరుగుతున్నాయా?" అంది. లేదని తల ఊపింది. గోడ మీద నీటి చారలున్నాయి. వాటినే చూసింది. వెనక బూట్ల చప్పుడు, విజిల్, మళ్ళీ బూట్ల చప్పుడు. బజర్ మోగింది. జనం అరిచారు. పక్కావిడ ఆమె భుజం పట్టి కుదిపేస్తోంది.

తిరిగి చూసేసరికి కోర్టు నిండా జనం. రాముడు గేటు దగ్గరే ఉన్నాడు. అతను ఆమెను చూడడం లేదు. కోర్టు వైపు చూస్తున్నాడు.

మర్నాడు పొద్దున్న అత్తా కోడళ్ళు వలకు చెరో పక్క కూర్చుని నెత్తళ్ళు పరిచారు. తవిటమ్మ అడిగింది.

"గెలిసేరా?"

"గెలిసేరు. నేను సూడనేదు. ఈపు తిప్పీసినాను."

"కావాలనే?"

"కావాలనే అత్తా."

తవిటమ్మ చేతిలోని చేపలు వల మీద పెట్టింది. "మీ నాన్న పోయిన దినాన మా ఆయన, మీ మావ కూడా ఏటలోనే ఉన్నాడు."

"తెలుసు. ఆకర్నొచ్చిన పడవ మావదే కదా."

"నేను ఒడ్డుకే రానేదే. ఆ దినాన నాకు కడుపు పోనాది. గుడ్డలు ఉతుక్కుని, తలుపేసుకుని పడుకున్నాను. మీ మావొచ్చి మంచినీల్లడిగితే గానీ లెగనేదు."

గాలికి వల అంచు లేచింది. రాజకుమారి దాని మీద రాయి పెట్టింది. "ఇరవై ఆరేళ్ళు. ఒక్కసారి సెప్పనేదేటత్తా?"

"ఎలాగ సెప్తానే? మర్నాడు మల్లా ఏటకెల్లాల ఆ మనిషి. ఏటైనా అయితే నన్నంటారు."

రాజకుమారి ఆమె వైపు చూసింది. మామగారు వేటలో పోలేదు, మంచం మీద పోయాడు. పోయి నాలుగేళ్ళయింది. అయినా ఈ ముసలావిడ గొంతు ఇంకా ఎవరో వింటారన్నట్టే ఉంది.

సందేళ వేళకు తవిటమ్మ గుమ్మంలోకొచ్చి నిలబడింది. "ఎల్తావేటి? నన్నెల్లమంటావా?"

"ఎవులమూ ఎల్లొద్దు. బోటు గురువారం వస్తాది. లోపలికి రా అత్తా, అన్నం సల్లారిపోతంది."

ఆ ఇంటి గుమ్మం సముద్రం వైపు ఉంటుంది. ఇద్దరూ పొయ్యి వైపు తిరిగి కూర్చుని అన్నం తిన్నారు.