కంచం చప్పుడు

"గిన్నెలు మోగించడానికి కూడా జీతమిస్తారండీ!" అంటాడు ఆమె భర్త, ఇంటికి ఎవరొచ్చినా. నిజమే, ఇస్తారు. సినిమాల్లో అడుగులు, గిన్నెలు, తలుపులు చేసే చప్పుళ్ళను స్టూడియోలో విడిగా పుట్టించి తెరమీది బొమ్మకు అతికించడం ఆమె ఉద్యోగం. ఇంట్లో మాత్రం ఆమె అంట్లు తోముతుంటే నీళ్ళ చప్పుడు కూడా వినిపించదు. మామగారి నిద్ర చెడుతుందని, కాపురానికొచ్చిన కొత్తలో అత్తగారు నేర్పిన విద్య అది. మామగారు పోయారు గానీ విద్య పోలేదు.

ఆ ఉదయం కూడా అలాగే తోముతోంది. హాల్లోంచి కూతురి గొంతు బెరుగ్గా వినిపించింది.

"నాన్నా, కెమెరా కోర్సులో సీటొచ్చింది. రేపటిలోగా చేరాలి."

"ఆడపిల్లకి కెమెరా ఏంటమ్మా? మీ అమ్మకీ ఇష్టం లేదు."

ఆమెను ఎవరూ అడగలేదు. అడక్కపోవడం ఎంత అలవాటైపోయిందంటే, తనకు ఇష్టమేనన్న సంగతి ఆమెకే బస్సెక్కాక గానీ తట్టలేదు. తన మీద తనకే ఒళ్ళు మండింది.

స్టూడియోలో తెరమీద ఒక కుటుంబం భోజనానికి కూర్చుంది. "ఈ ఇంట్లో నా మాటే మాట," అంటాడు తండ్రి. తల్లి అతని ముందు కంచం పెడుతుంది. అతను తలెత్తి చూస్తాడు. అంతే సీను.

"మెల్లగా పెట్టండక్కా. ఓర్పున్న తల్లి కదా," అన్నాడు డైరెక్టర్.

మెల్లగానే పెట్టింది. చెయ్యి తిరిగిన పనేనాయె. తండ్రి చూపులో విసుగు కనిపించింది. ఎందుకో మనసొప్పక సీను మళ్ళీ వేయించుకుంది. ఈసారి ఆ తల్లి కళ్ళలోకి చూస్తుంటే చెయ్యి మాట వినలేదు. కంచం ఠంగుమంది.

తండ్రి తలెత్తాడు. అదే మొహం, అదే చూపు. కానీ ఇప్పుడతను విసుక్కోవడం లేదు. ఇంట్లో ఇంకో మనిషి ఉందని అప్పుడే తెలిసినవాడిలా, కొంచెం భయంగా, కొంచెం సిగ్గుగా చూస్తున్నాడు. బొమ్మ పిసరంత కూడా మారలేదు, ఇల్లు మొత్తం మారిపోయింది! ఇన్నేళ్ళూ ఇంత బలాన్ని చేతుల్లో పెట్టుకుని, చప్పుడు కాకుండా దాచుకుంటూ తిరిగానా అనుకుంది ఆమె.

డైరెక్టర్ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. "అమ్మో! అదే ఉంచేద్దాం," అన్నాడు.

సాయంత్రం ఇల్లు చేరాక కూడా ఆ చూపు ఆమె కళ్ళముందు నుంచి కదల్లేదు. భోజనాల దగ్గర కూతురు మళ్ళీ నోరు తెరిచింది.

"పొద్దున్నే చెప్పానుగా, మీ అమ్మకి కూడా..." అంటూ ఫోన్లోంచి తలెత్తకుండానే భర్త కంచం కోసం చెయ్యి చాపాడు.

కంచం ఠంగుమంది.

అతను తలెత్తాడు. కూతురూ తలెత్తింది.

"నాకిష్టమే," అంది ఆమె. "రేపు నేనే తీసుకెళ్ళి చేర్పిస్తాను."