అమ్మ అడిగిన వెండి

పొద్దున్నే పాలాయన బెల్లు నొక్కాడు.

"...ండి," అంది బెల్లు.

"బావున్నారా పెద్దమ్మా," అని ప్యాకెట్లు గుమ్మంలో పెట్టి తన దారిన తను పోయాడు. కాసేపటికి పేపరాయన నొక్కాడు. అతనికీ అదే మాట.

ఆ ఇంట్లో అద్దెకుండే బస్సు కండక్టరు వాళ్ళమ్మ పోయిన ఏడు పోయింది. పోయిన కొన్నాళ్ళకి గుమ్మం మీది కాలింగ్ బెల్లులోంచి ఆవిడ గొంతు రావడం మొదలైంది. బతికున్నప్పుడు కూడా ఆ గుమ్మంలోనే కుర్చీ వేసుక్కూర్చుని వచ్చేపోయేవాళ్ళని పలకరించేది కాబట్టి పెద్ద తేడా ఏమీ రాలేదు. గొడవల్లా మాట సరిగ్గా వినబడకపోవడమే. మొదలు ఎగిరిపోయి చివర మాత్రమే వచ్చేది.

కండక్టరు చెవికి అది "వెండి". వాళ్ళావిడ చెవికి "వండి". "బతికున్నన్నాళ్ళూ 'వాడికి వండిపెట్టు, వాడికి వండిపెట్టు' అనేగా అన్నారు, ఇప్పుడు మాత్రం కొత్తగా ఏమంటారు?" అనేదావిడ. పై వాటాలో ఓనరమ్మ మాత్రం అది "ఉండండి" అని ఒట్టేసి మరీ చెప్పేది. చెప్పదూ మరి! నోరు మెదపకుండా ఉండే అద్దెవాళ్ళు మళ్ళీ దొరకొద్దూ?

ఈ కండక్టరుకి కరెంటు పిచ్చి. బస్సు దిగితే చాలు, వైర్లు ముందేసుక్కూర్చుంటాడు. కరెంటుకి కూడా టిక్కెట్టు కొడుతున్నాడని డిపోలో వేళాకోళం. రాగి కంటే వెండిలో కరెంటు బాగా పారుతుందని ఎక్కడో చదివాడు. ఇంకేముంది, పట్టుకున్నాడు. బెల్లులో ఉన్నది రాగి తీగ చుట్ట. మాట అందులోనే ఎక్కడో అరిగిపోతోంది. అందుకే అమ్మ వెండి అడుగుతోంది. ఇంత తేలికైన సంగతి ఇన్నాళ్ళూ తట్టలేదే అని తన నెత్తి తనే మొట్టుకున్నాడు.

వాళ్ళావిడ బాధ వేరు. ఆవిడ టైలరు. చెయ్యి తిరిగిన మనిషి, కానీ ఈ వీధిలో ఆవిడ దగ్గరికొచ్చేవన్నీ జిప్పు మార్చడాలూ, పాంటు పొడుగు తగ్గించడాలూనూ. అలాంటిది, సముద్రం పక్క ఊళ్ళో ఒక నాటకాల కంపెనీ వాళ్ళు వేషాల బట్టలు కత్తిరించడానికి రమ్మన్నారు. రాజులకీ, దెయ్యాలకీ, సైనికులకీ బట్టలు! ఆ ఫోను వచ్చిన రోజు ఆవిడ కత్తెర చేత్తో పట్టుకునే ఇల్లంతా తిరిగింది. నెలాఖరులోగా ఏ సంగతో చెప్పమన్నారు.

"అక్కడా డిపో ఉంది. మీరు మార్పించుకోవచ్చు," అంది.

"అమ్మ ఏమంటోందో తేలనీ."

"బెల్లు విప్పి పట్టుకెళ్దాం."

అదీ చూశారు. ఆ గోడ మీంచి తీస్తే మామూలు బెల్లులా గర్రుమంటుందంతే.

ఆదివారం కండక్టరు నగల కొట్టుకెళ్ళాడు.

"వెండి తీగ కావాలి. సన్నంది."

"పాపకా అండీ?" అన్నాడు కొట్టాయన.

"కాదు. బెల్లుకి."

"ఓ, అమ్మగారికా," అని చుట్ట తీసి తూచి ఇచ్చాడు.

ఇంటికొచ్చి అదే లావు, అదే పొడుగు రాగి తీగ పక్కన పెట్టాడు. రెండూ చెరో పెన్సిలుకి చుట్టి, బ్యాటరీ తగిలించి, మీటరు పెట్టి చూశాడు. రాగికి ముల్లు చక్కగా లేచింది. వెండికి అంతకంటే ఒక గీత వెనకే ఆగిపోయింది. బ్యాటరీ మార్చాడు. తీగ చివర్లు గీకాడు. మీటరుకి ఒక్కటిచ్చాడు. ఉహూఁ, రాగే ముందు.

మర్నాడు డ్యూటీ దిగి యూనిఫాంతోనే కొట్టు మీద పడ్డాడు.

"ఇది వెండేనా?"

"వెండేనండీ. గట్టిదనానికి కాస్త రాగి కలుపుతాం. లేకపోతే పట్టీ రెండు రోజులకే వంగిపోదూ?"

"రాగి వద్దనే కదయ్యా నీ దగ్గరికొచ్చింది!" అని అరిచాడు కండక్టరు. కమ్మలు చూస్తున్న ఒకావిడ ఉలిక్కిపడి చెవులు మూసుకుంది.

"మరి ముందే చెప్పాలి కదండీ, కరెంటుకని."

"బెల్లుకని చెప్పానుగా!"

"బెల్లుకంటే బెల్లుకి అలంకారం అనుకున్నా."

రాగి కలిపిన వెండి కొట్టాయన తిరిగి తీసుకున్నాడు కానీ, కలపని వెండి కావాలంటే తెప్పించి, కరిగించి, చిల్లులున్న ఇనప పలకలోంచి లాగి తీగ చెయ్యాలన్నాడు. ఆ లాగేవాడేమో ఇవాళ రేపు అంటూ తిప్పించాడు. కండక్టరు కోపం బస్సు మీదికి పోయింది. "జరగండి, జరగండి" అని అతను అరిచే అరుపుకి జనం కిటికీల్లోంచి దూకేస్తారేమో అన్నట్టుండేది.

నెలాఖరు దగ్గర పడింది. తీగ వచ్చింది. మళ్ళీ పెన్సిలు, మళ్ళీ బ్యాటరీ, మళ్ళీ మీటరు. ఈసారి వెండే ముందు. ఎంత ముందు? కళ్ళు చికిలించి చూస్తే వెంట్రుకవాసి.

"ఇంతేనా?" అన్నాడు కండక్టరు. ఏడుపొక్కటే తక్కువ. "దీనికోసమా నేనిన్ని తిప్పలు పడింది?"

"మీ ఒక్కరి తిప్పలేనా?" అంది వాళ్ళావిడ మిషను ఆపి. "మీకు రాగీ వెండీ ఉన్నాయి. నాకు ఎల్లుండి వరకే గడువుంది. ఇంకెవర్నో పెట్టుకుంటారు. నేను జిప్పులు మారుస్తూ ఇక్కడే పోతాను, పోయి ఆ మిషనులోంచి మాట్లాడతాను. అప్పుడు దానికేం చుట్టించాలో కూడా ఇప్పుడే చదివిపెట్టుకోండి!"

అతను గోడ మీంచి బెల్లు విప్పి తెచ్చాడు. తీగ బెల్లుకి చుట్టడం మొదలెట్టాడు. ఒట్టి తీగ, ఒక చుట్టుకి ఇంకోటి తగిలితే కరెంటు దొంగదారిన పోతుంది. పట్టుదారం చుడదామంటే అతని వేళ్ళకి దారం వంకరపోయింది, తీగ మెలిపడింది. రెండుసార్లు విప్పాడు. మూడోసారి తీగ విసిరికొట్టబోతుంటే ఆవిడ చెయ్యి అడ్డం పెట్టింది.

"ఇలా ఇవ్వండి. చూళ్ళేక చస్తున్నాను."

తీగ పొడుగునా పట్టుదారం చుట్టింది, ఎక్కడా సందు లేకుండా. తర్వాత బాబిన్‌కి దారం ఎక్కించినట్టే మిషను చక్రం తిప్పుతూ బెల్లు చుట్ట కూడా తనే చుట్టేసింది. కాజా కుట్టినంత సేపు పట్టలేదు. కండక్టరు నోరెళ్ళబెట్టి చూశాడు.

బెల్లు గోడకి బిగించి, ఇద్దరూ గుమ్మంలో నిలబడ్డారు. అతను నొక్కాడు.

"వెళ్ళండి," అంది అమ్మ.

పక్కన నిలబడి చెప్పినంత స్పష్టంగా అంది. ఆ వెంట్రుకవాసిలోనే మిగతా అక్షరం ఇరుక్కుని ఉన్నట్టుంది ఇన్నాళ్ళూ.

కండక్టరు మొహం పాలిపోయింది. "కాదు. అమ్మ అలా అనదు. పుట్టి బుద్ధెరిగాక నన్నొక్కసారైనా 'అండి' అందా? 'ఒరేయ్' తప్ప ఇంకో మాట లేదు. ఇదింకేదో. చుట్టడంలో ఏదో తప్పు..."

"ఏమండీ," అంది ఆవిడ. "బస్సులో రోజంతా 'జరగండి, జరగండి' అని అరుస్తారు. ఒక్కడికి మర్యాదిచ్చా అరుస్తారు?"

"అందరికీ కలిపి..."

అంటూనే తలెత్తి బెల్లు వంక చూశాడు.

"మనిద్దరికీ కలిపి అంటున్నారు," అంది. "ఆవిడ లెక్కలో నేనూ ఉన్నాను. చూశారా? నేనేమో 'వండి' అనుకున్నాను. ఏడాది నుంచీ ఆవిడ మీద పళ్ళు నూరుతూనే ఉన్నాను." చీర చెంగుతో కళ్ళు గట్టిగా తుడుచుకుని ఫోను కోసం లోపలికెళ్ళింది.

సామాను లారీ వచ్చిన రోజు ఓనరమ్మ మెట్ల మీద కూర్చుని, అది "ఉండండి" అనే, చెవులు సరిగ్గా పెట్టుకుని వినండి అని చివరిదాకా వాదించింది. కండక్టరు స్క్రూడ్రైవరు తీశాడు. అంత కష్టపడి చుట్టిన వెండి!

"ఉంచేయండి," అంది వాళ్ళావిడ. "ఆవిడ అడక్కపోయినా ఇచ్చాం. ఇచ్చింది వెనక్కి తీసుకుంటారా?"

ఆవిడ కత్తెర్ల సంచీ తీసుకుని వీధిలోకి నడిచింది. కండక్టరు తాళం వేశాడు. మిషను తలకెత్తుకోబోయి, ఆగాడు. వెనక్కొచ్చాడు. ఇప్పుడు తను ఒక్కడే ఉన్నాడు కదా. బెల్లు నొక్కాడు.

"ఒరేయ్, ఇంకా ఇక్కడే ఉన్నావా?" అంది అమ్మ.

మిషను ఎత్తుకుని గబగబా మెట్లు దిగాడు. లారీ దగ్గర వాళ్ళావిడ అతని మొహం చూసి, "ఏమన్నారండీ?" అంది.

"తిట్టింది," అన్నాడు కండక్టరు. "ఒక్క అక్షరం కూడా పోలేదు."